లెవెలాయన జంతువులు

లెవెలాయన ఎవరింటికి వెళ్లినా ముందు గోడల వంక చూస్తాడు. ఏ ఫొటో అయినా వెంట్రుకవాసి పక్కకు ఒరిగి కనిపించిందా, ఇక ఇంటివాళ్లు చెప్పే కబురేదీ ఆయన చెవికెక్కదు. ఒకసారి పరామర్శకు వెళ్లిన చోట, పోయినాయన ఫొటో వంకరగా ఉందని అందరి మధ్యలోంచి లేచి వెళ్లి సర్ది వచ్చి కూర్చున్న ఘనుడు.

అసలు పేరు ఒకటి ఉంది గానీ వీధిలో దానికి చెలామణి లేదు. పనిచేసేది కార్ల చక్రాలకు అలైన్‌మెంట్ చేసే షాపులో. తిన్నగా పోవలసిన కారు ఒక పక్కకు లాగుతోందంటే ఆయన దగ్గరికి వస్తుంది. గోతిలోకి దిగి, కడ్డీలు తిప్పి, మరలు బిగించి, నాలుగు చక్రాలూ ఒకే మాట మీద నడిచేలా చేసి పంపిస్తాడు. ఇంట్లో స్టీరింగు మాత్రం వాళ్లావిడ చేతిలో ఉందని షాపు ఓనరు ఏడిపిస్తుంటాడు. అది నిజం కాదు. ఆ ఇంట్లో ఎవరి బండి వాళ్లదే.

ఆయన బండి జంతువుల బొమ్మలు. ముందుగది గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అరలు, అరల నిండా ఏనుగులు, ఖడ్గమృగాలు, దున్నలు, దుప్పులు, తోడేళ్లు. అన్నీ గట్టి రబ్బరులాంటి ప్లాస్టిక్కుతో చేసినవి, అచ్చం నిజం జంతువుల్లా ఉండేవి. వాటిని ఆటబొమ్మలు అన్నవాళ్లకు ఆ పూట ఆ ఇంట్లో కాఫీ పుట్టదు. ఈ పిచ్చి మొదలైంది కూతురి వల్ల. దాని చిన్నప్పుడు పుట్టినరోజుకి ఏదైనా కొందామని షాపుకి వెళ్లి, జుట్టు దువ్వే బొమ్మ కావాలని అది ఏడుస్తుంటే, ఈయన ఒక ఖడ్గమృగాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మెడ దగ్గర చర్మం మడతలు, కంటి చుట్టూ ముడతలు, పాదానికి మూడే గోళ్లు. చేసినవాడి పనిలో ఎక్కడా దొంగతనం లేదు. కూతురికి ఖడ్గమృగం దక్కింది. ఆ పిల్ల దాన్ని ఆ రోజే నాన్న ఒళ్లోకి విసిరేసింది. అక్కడినుంచి లెవెలాయనకు తిరుగులేదు.

ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. నవ్వే జంతువు ఇంట్లోకి రాకూడదు. చొక్కా తొడుక్కున్నది అసలే రాకూడదు. అన్నీ ఒకే కొలతకు తగ్గించినవై ఉండాలి, కుందేలు పక్కన ఏనుగు పెడితే కుందేలు కుందేలంత, ఏనుగు ఏనుగంత కనపడాలి. బావమరిది ఒకసారి ప్రేమగా ఒక ఒంటె తెచ్చి ఇచ్చాడు. లెవెలాయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "ఇది ఒంటె కాదు బావా," అన్నాడు. ఒంటె నడిచేటప్పుడు ఒక పక్కన ఉన్న రెండు కాళ్లూ కలిపి వేస్తుందట. ఇదేమో గుర్రంలా వేస్తోందట. "ఇప్పుడు నేనేం చెయ్యను, నడక నేర్పించి తీసుకురానా?" అని బావమరిది ఒంటెని వెనక్కి పట్టుకెళ్లాడు. తరవాత కొన్నాళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఇలాంటి బొమ్మలకు ఒక జబ్బుంది. ఎండాకాలం వచ్చిందంటే సన్నకాళ్ల జంతువులు మెత్తబడి, బరువుకి వంగిపోతాయి. జిరాఫీ మందు కొట్టినట్టు పక్కకి వాలుతుంది. జింక మోకాళ్ల మీద కూలబడుతుంది. దానికి మందు వేన్నీళ్లు. సలసలా కాగిన నీళ్లలో ఆ కాలొక్కటీ ముంచి, మెత్తబడ్డాక చేత్తో తిన్నగా లాగి పట్టుకుని, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే ఆ వాటాన బిగిసిపోతుంది. ఎండలు ముదిరిన ఆదివారాల్లో ఆ వంటింట్లో పొయ్యి మీద కూర ఉండదు, జీబ్రా కాళ్లుంటాయి. ఆవిడ పక్కన నిలబడి చూస్తూ, "మీ ఆస్పత్రి మూసేస్తే నేను వంట చేసుకుంటాను డాక్టరుగారూ," అంటుంది.

ఆవిడ పనిచేసేది బ్యూటీ పార్లరులో. గోళ్లకు రంగులు వేయడంలో ఆవిడకు మంచి పేరు. చిటికెన వేలి గోరు మీద పువ్వు, పువ్వు మీద తేనెటీగ వేయగల చెయ్యి. మొగుడి జంతువుల జోలికి ఆవిడ పోదు. దుమ్ము దులపమన్నా దులపదు. ఆవిడకు తన జంతువు ఒకటి ఉండేది, ఊపిరి ఉన్నది.

వానలు పడుతున్న రోజుల్లో పార్లరు నుంచి ఆవిడ వెనకే నడిచి వచ్చేసింది ఆ కుక్క. గోధుమరంగు ఒళ్లు, ఛాతీ మీద తెల్ల మచ్చ. ముందు ఎడమ కాలు ఎప్పుడో ఏ బండి కిందో నలిగి, వంకరగా అతుక్కుంది. అయినా గుమ్మంలో ఆగి, ఇల్లంతా ఒకసారి పరికించి, ఫరవాలేదు ఉండొచ్చు అన్నట్టు లోపలికి నడిచింది. ఆ దర్జాకి ఆవిడ దొర అని పేరు పెట్టింది.

గోడ మీద ఫొటో ఒరిగితే నిద్రపట్టని మనిషి, ఇంట్లో తిరిగే కుక్క కాలు వంకర గురించి ఒక్కరోజూ పట్టించుకోలేదు. అది అరలో లేదు కదా! కుంటుతుందని తెలుసు. ఏ కాలో చెప్పమంటే ఇంటి కప్పు వంక చూసేవాడు. ఒకసారి దొర ఒక జింకపిల్లని నోట కరుచుకుని నమిలేసింది. అప్పుడు మాత్రం దాని పళ్లు బాగా చూశాడు. మిగతా కాలమంతా ఆయన దాన్ని "అది" అనేవాడు, ఆవిడ "వాడు" అనేది. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

దొర ముసలిదై కన్నుమూసింది. పోయిన రోజు లెవెలాయన షాపులో గోతిలో ఉన్నాడు. ఆవిడ ఒక్కతే, మేడమీద పెద్దావిడ ఇచ్చిన పాత దుప్పటిలో చుట్టి, వాచ్‌మన్ చేత ఇంటి వెనక ఖాళీ స్థలంలో గొయ్యి తవ్వించి పూడ్చింది. సాయంత్రం ఆయన వచ్చి విని, "అయ్యో," అన్నాడు. కాస్త ఆగి, "ఎలాగూ ముసలిదే కదా," అని కూడా అన్నాడు. ఓదార్పు అనుకుని అన్నాడు, పాపం. ఆవిడ లేచి అన్నం వడ్డించింది. ఆ మాట మాత్రం దాచుకుంది.

కొన్ని నెలలు గడిచాయి. ఆవిడ ఒకనాడు బొమ్మల షాపుకి వెళ్లింది. మొగుడి అరలోంచి ఒక తోడేలుని సంచిలో వేసుకుని మరీ వెళ్లి, దాని పక్కన పెట్టి చూసి, కొలత కుదిరిన కుక్కని కొంది. పార్లరులో పని లేని మధ్యాహ్నాల్లో కూర్చుని, కూతురి పాత రంగుల డబ్బా తెరిచి, గోళ్ల కుంచెతో దాని ఒళ్లంతా గోధుమరంగు వేసింది, వెంట్రుక వెంట్రుకా విడివిడిగా కనిపించేలా. ఛాతీ మీద తెల్ల మచ్చ వేసింది. ముక్కు చివర వయసుతో వచ్చిన నెరుపు వేసింది. ఆఖరికి, ఏళ్ల తరబడి వంటింట్లో చూసి చూసి వచ్చిన విద్యతో, వేన్నీళ్లు కాచి ముందు ఎడమ కాలు ముంచి, దొర కాలు ఎలా ఉండేదో అలా వంచింది. బొమ్మ నిలబడక పడిపోతుంటే పాదాల కింద కాస్త మైనం అంటించింది. కూతురికి ఫొటో తీసి పంపి, "మీ నాన్నకి చెప్పకు. ఆయనే చూసి గుర్తుపట్టాలి," అంది. తరవాత ఆ బొమ్మని అరలో, దున్న పక్కన నిలబెట్టి పనికి వెళ్లిపోయింది.

ఆయన గుర్తుపడతాడా లేదా అన్నదొక్కటే ఆవిడకు కావాలి. అంతకంటే ఏమీ అడగలేదు.

లెవెలాయన సాయంత్రం ఇంటికి రాగానే కొత్త జంతువుని చూశాడు. చూడకుండా ఎలా ఉంటాడు, అరలో ఈగ వాలినా తెలుస్తుంది ఆయనకి. ఆవిడ తనకోసం మొదటిసారి ఒక జంతువుని కొని తెచ్చిందని గుండె ఉప్పొంగిపోయింది. చేతిలోకి తీసుకున్నాడు. కొలత కుదిరింది. నవ్వడం లేదు. ఆ రంగు చూసి ముచ్చటపడ్డాడు, వెంట్రుకలు ఒక్కొక్కటీ చేత్తో దిద్దినట్టున్నాయి, ఎవరో మంచి కంపెనీవాళ్లు అనుకున్నాడు. అంతా బాగుంది, ముందుకాలు ఒక్కటే బాగాలేదు. డబ్బాలో నలిగి వంగిపోయింది కాబోలు. అది కనపడకుండా షాపువాడు అడుగున మైనం కూడా అంటించాడు. పాపం ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తాయి, అంటగట్టి పంపేశారు.

ఆవిడ వచ్చేలోగా సరిచేసి ఆశ్చర్యపరచాలని నీళ్లు కాచాడు.

కుక్క తోకని తిన్నగా చేసినవాడు లోకంలో లేడంటారు. లెవెలాయన కుక్క కాలినే తిన్నగా చేశాడు. వేన్నీళ్లలో ముంచి, లాగి, మిగతా మూడు కాళ్లతో సమానంగా పట్టి, చల్లార్చి, మైనం గీకి పారేసి, బల్ల మీద నిలబెట్టాడు. బొమ్మ నాలుగు కాళ్ల మీదా సైనికుడిలా నిలబడింది.

ఆవిడ చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్లి, "చూశావా, కాలు వంగిపోయిన సరుకు ఇచ్చాడు నీకు. సరిచేసేశాను," అన్నాడు.

ఆవిడ బొమ్మని చూసింది.

"బాగుంది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. గిన్నె చప్పుడేదీ వినిపించలేదు.

ఆ పొగడ్త ఆయనకి చాల్లేదు. కూతురికి ఫోన్ చేశాడు. పెళ్లై పక్క ఊళ్లో ఉంటోంది ఆ పిల్ల. అమ్మ కొన్న కుక్క గురించి, తన వైద్యం గురించి వివరంగా చెప్పుకొచ్చాడు.

"వింటున్నావా?"

"నాన్నా, నువ్వు నిజంగానే కాలు తిన్నగా చేసేశావా?"

"మరి? వంకరగా వదిలెయ్యమంటావా?"

"అది దొర నాన్నా," అంది కూతురు. "అమ్మ చేసింది. నెల రోజులు కూర్చుని చేసింది. నువ్వు గుర్తుపడతావని చూస్తోంది."

ఫోన్ పెట్టేశాక లెవెలాయన బల్ల ముందు కూర్చుండిపోయాడు. ఇప్పుడు చూస్తే ఆ తెల్ల మచ్చ తెలుస్తోంది, ముక్కు మీద నెరుపు తెలుస్తోంది. వంటింట్లోకి వెళ్లి ఏదో ఒకటి అందామని గుమ్మం దాకా వెళ్లి, తిరిగి వచ్చాడు.

పోట్లాట జరిగి ఉంటే బాగుండేది. ఆవిడ పోట్లాడలేదు. మర్నాడు ఎప్పటిలాగే టిఫిన్ బాక్సు కట్టి ఇచ్చింది, కరెంటు బిల్లు సంగతి గుర్తుచేసింది. ముందుగదిలో మాత్రం అడుగుపెట్టడం మానేసింది. బయటికి పోవాలంటే అరల వంక చూడకుండా గోడవారగా పోయేది. కట్టుకున్న మనిషి ఇంట్లో అలా నడుస్తుంటే, ఎంత మొండివాడికైనా లోపల ఏదో తెగుతుంది.

చేతులు కాలాయి, ఇక ఆకులు వెతకాలి. మళ్లీ వంచెయ్యడం ఎంతసేపు అనుకుని లెవెలాయన నీళ్లు పెట్టబోయి ఆగిపోయాడు. ఎటు వంచాలి? లోపలికా, బయటికా? తను తిన్నగా లాగినప్పుడు అది ఎటునుంచి వచ్చిందో గుర్తులేదు. వంకర అన్నది తప్ప ఇంకేమీ చూడలేదు. పైగా మోకాలి దగ్గర రంగు అప్పుడే సన్నగా చిట్లింది. ఇంకొక్కసారి తప్ప అది వేడిని ఓర్చుకోదు. ఈసారి తప్పు వంచాడంటే ఆవిడ వేసిన రంగు ఊడిపోతుంది, ఇక దొరా ఉండడు, బొమ్మా ఉండదు.

ఫోన్ తీసి ఫొటోలు వెతికాడు. బొమ్మల ఫొటోలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, ఒక్కొక్కటీ ముందునుంచి, వెనకనుంచి, పక్కనుంచి, కిందనుంచి. దొర ఫొటో ఒక్కటీ లేదు. జీబ్రాని తీసిన ఫొటోలో ఒక మూల గోధుమరంగు చెవి ఉంది. అడవిదున్న వెనక ఒక తోక మసకగా ఉంది. ఆ కుక్క అన్నేళ్లు ఆయన పక్కనే తిరిగిందని ఆ చెవీ తోకా సాక్ష్యం చెబుతున్నాయి. ఆవిడ ఫోన్లో, కూతురి ఫోన్లో బోలెడు ఫొటోలు ఉండి ఉంటాయి. ఇద్దరిలో ఎవరినీ అడగడానికి మొహం చెల్లలేదు.

బొమ్మని జేబులో వేసుకుని వీధిలో పడ్డాడు. మలుపులో బూట్లు బాగుచేసే తాతని అడిగాడు. "మీ దొరగారి కాలేగా? ఇదిగో, ఇలా లోపలికి తిరిగి ఉండేది," అని తాత లేచి తన కాలే లోపలికి తిప్పి నడిచి చూపించాడు. చూసేవాళ్లు నవ్వారు. మేడమీద పెద్దావిడ, "ఆ ముసలాడికి కళ్లు ఎప్పుడు కనపడ్డాయి గనక! బయటికి తిరిగి ఉండేది. నేను రోజూ కిటికీలోంచి చూసేదాన్ని," అని చేతికర్ర పక్కన పెట్టి వసారాలో కుక్క నడక నడవబోయింది. ఆ పెద్దావిడ పడిపోకుండా పట్టుకునేసరికి లెవెలాయనకి చెమటలు పట్టాయి. వాచ్‌మన్‌ని అడిగితే, "కాలు కిందే పెట్టేది కాదు సార్," అన్నాడు. షాపులో గోతిలో నిలబడి కూడా అదే ఆలోచన. "కారు కాదయ్యా, నువ్వు లాగుతున్నావు ఒక పక్కకి," అన్నాడు ఓనరు. లెవెలాయన నవ్వలేదు.

ఊరందరికీ ఆ కుక్క నడక గుర్తుంది, తప్పో ఒప్పో. తనకి తప్పుగా కూడా గుర్తులేదు. అదే ఆయనని ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారం పొద్దున ఆవిడ వంటింట్లో ఉండగా ఆయన వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. ఆవిడ కత్తిపీట పక్కకి జరుపుకుంది. నీళ్లు కాగాయి. ఆయన బొమ్మని జేబులోంచి తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

"ఏంటి తెలీదు?"

"కాలు ఎలా ఉండేదో. అందరినీ అడిగాను. తలా ఒకలా చెప్పారు. నువ్వే వంచు. నేను వంచితే మళ్లీ తప్పే చేస్తాను."

ఆవిడ చేతులు తుడుచుకుంది. తరవాత బొమ్మని అందుకుంది. చిట్లిన రంగుని బొటనవేలితో తడిమి, "ఇది మళ్లీ వేసుకోవాలి," అంది తనలో తను అనుకున్నట్టు. కాలు వేన్నీళ్లలో ముంచి, తీసి, మోకాలి దగ్గర లోపలికి నొక్కి, పాదం బయటికి తిప్పింది. తాతా పెద్దావిడా ఇద్దరూ చెప్పింది సగం సగం నిజమే. వేలి కొసలు మాత్రమే నేలకి ఆనేలా పట్టుకుని చల్లటి నీళ్లలో పెట్టింది. లెవెలాయన గుడ్లప్పగించి చూశాడు. ఆ కాలు అలా తిరగగానే, గుమ్మంలోంచి గది లోపలికి వస్తున్న దొర ఒక్కసారి కళ్ల ముందు కనపడింది.

బల్ల మీద పెడితే బొమ్మ నిలబడలేదు. పక్కకి పడిపోయింది.

"మైనం నేను గీకేశాను," అన్నాడాయన నేరం చేసినవాడిలా. "కింద చిన్న చెక్క పెట్టి అతికిస్తాను. కదలదు."

"వద్దు," అంది ఆవిడ. "వాడు తనంతట తను నిలబడేవాడు కాదు. మైనం నేను చూడ్డానికి పెట్టాను గానీ, వాడు ఎప్పుడూ దేనికో ఒకదానికి ఆనుకునే నిలబడేవాడు."

"దేనికి?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అని చూసింది. లేదు, నిజంగానే తెలియదు ఆయనకి.

"మీ కాలికండీ," అంది. "సాయంత్రాలు మీరు అరల ముందు స్టూలేసుకుని బొమ్మలు తుడుచుకుంటారే, అప్పుడు వచ్చి మీ కాలికి ఆనుకుని నిలబడేవాడు. నేను ఎంత పిలిచినా వచ్చేవాడు కాదు. నా దగ్గర పడుకునేవాడు, తినేవాడు. నిలబడాలంటే మాత్రం మీ దగ్గరికే వచ్చేవాడు."

కాలికి ఏదో వెచ్చగా తగలడం, బొమ్మ మీదనుంచి కళ్లు తీయకుండానే మోకాలు విదిలించడం ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది.

"నేను వాణ్ణి నెట్టేసేవాణ్ణి," అన్నాడు.

"నెట్టేవారు," అంది ఆవిడ. "పడిపోయేవాడు. లేచి మళ్లీ వచ్చి ఆనుకునేవాడు."

ఆయన బల్ల అంచు పట్టుకుని ఏడ్చాడు. దొర కోసం ఆయన ఏడవడం అదే మొదలు. ఆవిడ పొయ్యి కట్టేసి, పక్కనే నిలబడి, ఏడవనిచ్చింది.